అమ్మ మాటకు తగిలిన తోక

రాస్తున్నవా బిడ్డా? నేను చెప్పినట్లే రాయి, దిద్దకు.

నువ్వు ఆదిభట్ల కంపెనీ నౌకరి కోసమని ఫోన్ల స్పానిష్ నేర్చుకుంటుంటే, నేను చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట విన్న. అమ్మను మాద్రె అంటరంటివి. సవతితల్లయితే మాద్రాస్త్ర. ఆ ఎనుక 'ఆస్త్ర' ముక్క ఏందే అంటే, పాతకాలం లాటిన్‌ల నుంచి వచ్చిందంటివి. సూడనీకి అసొంటిదే గని అసల్ది కాదని దాని అర్థమట. అడివిల దానంతటది మొలిచిన ఆలివ్ చెట్టుకు, పనికిరాని కవికి సుత గదే తోకనట. మంచి సోపతే దొరికింది నాకు.

ఫ్రెంచోళ్ల తాన గా తోక మాట రాను రాను తిట్టయి కూసున్నదట. ఇగ బాగుండదని సవతితల్లిని 'అందమైన అమ్మ' అనవట్టిండ్రట. అత్తను సుత గట్లనే అంటరట గద. ఎంత భయముంటే గంత అందం.

నేను నవ్విన. నువ్వు నవ్వలే. మీ నాయినకు నేను మాద్రాస్త్రనే గద, మీ తాతకు రెండోదాన్ని. పెండ్లినాడే, పోయినామె పేరు మీద చిన్న బిళ్ల పుస్తెలతాడుకు గుచ్చి నా మెడల ఏసిండ్రు. ఇప్పటికీ పండుగనాడు ముందుగాల ఆమెకే దండం పెడ్త. ఆమె నన్నెన్నడు ఏమనలే. మీ నాయిన సుత ఏమనలే. గదే నా బాధ.

మన తోకలు గాడు, ది. మీ నాయిన నోట్లె అవి ఎప్పటికీ తయారుంటయ్. కుక్క నల్లిగాడు, బావమరిది బట్టతలగాడు, మీ అమ్మ మొద్దుది, నువ్వు పొట్టిది. నాకొక్కదానికే "మీరు తిన్నరా", "మీకు బీపీ గోలీలు తేవాల్నా". సూసినోళ్లు ఎంత మర్యాద, నీ అదృష్టం అంటరు. గసొంటి మర్యాద బ్యాంకు మేనేజర్‌కు ఇస్తరు గని ఇంట్ల మనిషికి ఇస్తరా? అమ్మా అని లేదు, చిన్నమ్మా అని లేదు. నాకు తోకే కాదు, తలకాయ సుత లేదు.

మొన్న ఎండకాలం మీర్‌పేట్ల మా చెల్లె ఇంటికి పోయి, మంచాల ఊరికి పోయే బస్సుల తిరిగొస్తున్న. ఆడోళ్లకు పైసల్లేని జీరో టికెటాయె, కిటికీకాడ సీటాయె, నిద్రవట్టింది. కండ్లు తెరిస్తే దిగాల్సిన మన ఇబ్రహీంపట్నం దాటిపోయి మంచాలల ఉన్న. ఫోనేమో చెల్లె ఇంట్ల చార్జింగుల మర్చిపోయిన. తిరుగు బస్సు కోసమని చాయ్ హోటల్ ఎనుక బెంచి మీద కూసున్న.

ఏ బస్సెక్కిచ్చిందో మా చెల్లె ఫోన్ చేసి చెప్పిందట. మీ నాయిన బండేసుకొని వచ్చిండు. నన్ను సూడలే. హోటలాయనను అడుగుతుండు.

"అన్నా, మా ముసల్దేమన్న కనబడ్డదా? ఎర్రచీర. నిద్రమొకంది, బస్సెక్కితే సాలు గుర్రు కొడ్తది."

"ముసల్దంటవేంది తమ్మీ? జర మంచిగ అను."

"మంచిగంటే దొర్కుతదా?"

నేను లేవలే. ఇంకో రెండు మాటలు అంటడేమోనని ఆగిన. అన్నడు సుత. గంతల నన్ను సూసి మీదికొచ్చిండు.

"బుద్దుందా నీకు? ఫోన్ లేకుంట తిరుగుతవా? నా పానం పోయింది."

ఇల్లు చేరేదాక తిట్టిండు. నేను బండెనుక కూసొని ఊ కొట్టిన.

తెల్లారి మళ్ల "మీరు తిన్నరా?" అన్నడు.

గప్పటిసంది ఇంటి పనుల కాడ జర సూసి సూడనట్లుంటున్న. నిన్న పాలు పొంగుతున్నయని తెల్సి సుత లేవలే. పొయ్యంత పాలే. మీ నాయిన వచ్చి నిలవడి సూసిండు.

"మీరు కూసోండ్రి, నేను తుడుస్త" అన్నడు.