మ్యాపులో నేను మూసిన దుకాణం

హార్మోనియం కాకా దుకాణాన్ని నిలబెట్టింది నేనేనని పోయిన వారం దాకా మా దుకాణాల వరసలో చెప్పుకునేవారు. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి నుంచి పక్కకు తిరిగే మా గల్లీలోకి కొత్తవాళ్లు ఎవరొచ్చినా నా గుండీల దుకాణం ముందు ఆపి, ఈయనే ఫోన్‌లో ఏదో చేసి కాకాకు గిరాకీ తెచ్చాడని నన్ను చూపించేవారు. రెండేళ్లుగా ఆ మాట విని తల దించుకున్నాను. దాన్ని వాళ్లు వినయం అనుకున్నారు. అసలు ఆ దుకాణాన్ని మూసిందే నేను. ఎలా మూశానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇదంతా ఊరి చివర జల్‌పల్లిలో మొదలైంది. అక్కడి కొత్త కాలనీలో మేం ఇల్లు కట్టుకుని చేరేసరికి ఆ ఇల్లు మ్యాపులో లేదు. ఇల్లే కాదు, మా గల్లీయే లేదు. ఫోన్‌లో చూస్తే మేమున్న చోట ఖాళీ జాగా కనిపించేది. పార్శిల్ తెచ్చే మనిషి నీళ్ల ట్యాంకు దగ్గర ఆగి నాకు ఫోన్ చేసేవాడు. నేనేమో ఇక్కడ దుకాణంలో గిరాకీకి గుండీలు లెక్కపెడుతూ, ట్యాంకు దాటి ఎర్ర గేటు, ఎర్ర గేటు దాటి ఇసుక కుప్ప అని చెప్పేవాణ్ణి. ఆ ఇసుక కుప్ప అప్పటికే ఎవరి ఇంటి గోడల్లోకో వెళ్లిపోయి ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం విసుగొచ్చి, మ్యాపులో మా ఇల్లు ఉండాల్సిన చోట వేలు పెట్టి గట్టిగా నొక్కాను. లేని స్థలాన్ని చేర్చండి అని ఒక గడి తెరుచుకుంది. నాకు నమ్మకం కలగలేదు. మ్యాపంటే ఎక్కడో పెద్ద ఆఫీసులో కూర్చున్నవాళ్లు గీస్తారని, మనం చూసుకోవడం వరకేనని అప్పటిదాకా అనుకున్నాను. గుండీలు, దారాలు అమ్ముకునేవాడు కూడా అందులో రాయొచ్చా? వేలితోనే మా గల్లీ గీశాను. ఇంటి నంబరు రాశాను. నాలుగు రోజులకు మెసేజ్ వచ్చింది: మీ సవరణను ప్రచురించాం, ధన్యవాదాలు. తెరిచి చూస్తే సన్నటి తెల్లగీతగా మా గల్లీ! నా భార్యను మేడ మీదికి పిలిచి చూపించాను. ఆమె ఫోన్‌ను, కింద గల్లీని మార్చి మార్చి చూసి, "మన గల్లీ గింత సన్నగ ఉందా?" అంది. తర్వాతి పార్శిల్ మనిషి ఎవరికీ ఫోన్ చేయకుండా నేరుగా వచ్చి గేటు కొట్టాడు. ఆమె అతనికి మంచినీళ్లతో పాటు సర్వపిండి కూడా పెట్టి పంపింది.

ఇక నన్ను పట్టడం ఎవరి తరం కాలేదు. దుకాణానికి వచ్చే దారిలో రోజుకో గల్లీలోకి బండి తిప్పేవాణ్ణి. ఫలక్‌నుమా దగ్గర ఒక గల్లీ అటు నుంచి ఇటు దారి ఉన్నట్టు మ్యాపు చూపించేది. వెళ్లి చూస్తే చివర గోడ, గోడకు కట్టేసిన నాలుగు బర్రెలు. దారి లేదని రాశాను. ఒక మంగలి దుకాణమైతే మూసీ నది నడిమధ్యలో ఉండేది. దాన్ని వేలితో లాగి ఒడ్డుకు చేర్చిన రోజు, ఎవర్నో నీళ్లలోంచి కాపాడినంత సంబరపడ్డాను. మెట్లున్న గల్లీలు, బండి పట్టని గల్లీలు, ఇరానీ చాయ్ దొరికే మూలలు అన్నీ రాశాను. రాసిన ప్రతిదానికీ పాయింట్లు వచ్చేవి. పాయింట్లు నిండితే నా పేరు పక్కన ఒక చుక్క, ఆ చుక్క మీద ఇంకో చుక్క. యాభై దాటిన మనిషిని, ఆ చుక్కల కోసం బడి పిల్లాడిలా ఎదురుచూసేవాణ్ణి.

తిప్పలు కూడా తక్కువేం కాదు. మా దుకాణం గోడలు పాతకాలం రాతివి. లోపల సిగ్నల్ అందదు. గద్దె దిగి గడప మీద నిలబడితే రెండు గీతలు వస్తాయి. గిరాకీని లోపల వదిలి నేను గడప మీద నిలబడేవాణ్ణి. పాస్‌వర్డ్ మరిచిపోతే ఓటీపీ వచ్చేది, కానీ అది వచ్చేసరికి దాని గడువు అయిపోయేది. నేను యంత్రాన్ని కాదు మనిషినేనని తేల్చుకోవడానికి, జీబ్రా క్రాసింగులున్న గడులు నొక్కమనేది. చార్మినార్ పక్కన పుట్టి పెరిగినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది? ఆటోలున్న గడులు అడిగితే కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లోనే, ఒక పొద్దున, హార్మోనియం కాకా నా దుకాణం మెట్టెక్కి వచ్చాడు. ఆయన దుకాణం మా నుంచి నాలుగోది. డెబ్భై దాటిన మనిషి. హార్మోనియాలకు వేళ్లతో నొక్కే మెట్లు విరిగితే మార్చడం, చిరిగిన గాలితిత్తులు కుట్టడం, శ్రుతి తప్పిన రీడ్లను, అంటే లోపల స్వరం పలికే ఇత్తడి రేకులను, చిన్న ఆకురాయితో గీకి దారికి తేవడం, ఇదే ఆయన పని. భజన మండళ్లవాళ్లు, ఖవ్వాలీ పాడేవాళ్లు, స్కూళ్ల సంగీతం టీచర్లు ఊరి నలుమూలల నుంచీ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆ రోజు ఆయన నాతో ఏదో చెప్పాడు. నేను ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "సరే కాకా" అన్నాను. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి ఆయన షట్టర్ దించి ఉంది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. మా వరసలో ఒక పద్ధతి ఉంది. పక్కవాడి షట్టర్ దించి ఉన్నప్పుడు అతని గిరాకీ వస్తే, దుకాణం బంద్ అని ఎవరూ అనరు. ఇప్పుడే వస్తాడు, కూర్చోండి అని స్టూలు వేస్తారు. ఆ పూట రాడని తెలిస్తే సామాను తీసుకుని తమ దగ్గర పెట్టుకుంటారు. కాకా ఒకసారి యాత్రకు వెళ్తే మా నాన్న రెండు హార్మోనియాలను నెల రోజులు గుండీల డబ్బాల కింద దాచాడు. నేనూ అలాగే చేశాను. మూడో వారంలో ఒకాయన హార్మోనియం పట్టుకుని వస్తే, వస్తాడు, పెట్టి పోండి అని నోటితో చెప్పాను. ఆయన అటు వెళ్లగానే గడప మీదికి వెళ్లి, అదే దుకాణాన్ని మ్యాపులో తెరిచి, శాశ్వతంగా మూసివేయబడింది అని బొటనవేలితో నొక్కాను.

ఎందుకు నొక్కానంటే, తర్వాతి చుక్కకు ఒక్క సవరణ తక్కువైంది. అంతకు మించి కారణం లేదు. ముసలాయన, మూడు వారాలు, ఇక రాడేమోనని మనసులో ఒక సాకు అల్లుకున్నాను. ఫోన్ చేసి కనుక్కోలేదు. రెండు రోజులకు చుక్క వచ్చింది. సంబరంగా ఇంట్లో చూపించాను. చూపించి, దాని సంగతి మరిచిపోయాను.

నాలుగో వారంలో కాకా నల్లద్దాలు పెట్టుకుని వచ్చి షట్టర్ ఎత్తాడు. కంట్లో పొర తీయించుకుని, నిజామాబాద్‌లో బిడ్డ దగ్గర ఉండి వచ్చాడట. ఆ రోజు నాతో చెప్పింది అదే.

దుకాణం తెరిచాడు కానీ గిరాకీ రాలేదు. హార్మోనియం చెడేది రెండు మూడేళ్లకోసారి. అంత దూరం నుంచి అప్పుడప్పుడూ వచ్చేవాళ్లకు మా గల్లీ గుర్తుండదు; ఫోన్ చూసుకుని వస్తారు. ఆ ఫోన్‌లో మూసివేయబడింది అన్న ఎర్ర అక్షరాలు చూసి ఇంటి దగ్గరే ఆగిపోయేవారు. కాకాది మీటల ఫోను. ఆయనకు ఇవేవీ తెలియవు. నేను తీసి పెట్టిన ఆ ఒక్క హార్మోనియం పని అయిపోయాక, దాన్నే మళ్లీ మళ్లీ శ్రుతి చూసుకుంటూ కూర్చునేవాడు. రెండు నెలలు అలా చూసి, ఒక రోజు చాయ్ తాగుతూ అన్నాడు:

"మన పెట్టె పని అయిపోయింది బిడ్డా. అందరికి కీబోర్డులే గావాలె. ఈ నెల దాటితె మల్గి ఓనర్‌కు చాబీలు ఇచ్చేస్త."

మల్గి అంటే మా దగ్గర అద్దెకుండే దుకాణం గది. ఆయన అందులో నలభై ఏళ్లు కూర్చున్నాడు. ఆ వారంలోనే తన గురువు ఇచ్చిన పాత ఇత్తడి రీడ్ల డబ్బాను సికింద్రాబాద్ వైపు హార్మోనియాలు బాగుచేసే ఇంకో కారీగర్‌కు ఇచ్చేశాడు. అలాంటి రీడ్లు ఇప్పుడు దొరకవని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. కాలం మారిందని నేను కూడా తలూపాను. నేను చేసిన పని నాకు తట్టలేదు.

అది బయటపడింది ఒక సంగీతం టీచరమ్మ వల్ల. లంగాకు లేసు కొనడానికి మా దుకాణానికి వచ్చి, నాలుగు దుకాణాల అవతల శ్రుతి వినిపించి ఆగిపోయింది.

"ఆయన దుకాణం తీసే ఉందా? పర్మనెంట్లీ క్లోజ్డ్ అని మ్యాపులో ఉంటే మేము వేరేచోట ఇచ్చేశాం" అంది.

లేసు కొలవడం ఆపి గడప మీదికి పరుగెత్తాను. కాకా దుకాణం పేరు కింద నేను పెట్టిన ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. నెలాఖరుకు పన్నెండు రోజులు ఉన్నాయి.

ఆ రోజుల్లో నా కాలు ఒకచోట నిలవలేదు. వెంటనే, ఈ దుకాణం తెరిచే ఉంది అని రాశాను. పరిశీలనలో ఉంది అన్నారు. మూడో రోజు, మీ సవరణను ఆమోదించలేకపోయాం అని వచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ కాదన్నారు. మూయడానికి ఒక్క నొక్కు చాలింది. అన్ని చుక్కలతో నేను ముందు చెప్పిన మాటే గట్టిగా నిలబడి, ఇప్పుడు చెబుతున్న మాటను దాటనివ్వడం లేదేమో అనిపించింది. ఎవరికైనా ఫోన్ చేసి మొత్తుకుందామంటే నంబరు లేదు. సహాయం అన్న చోట నొక్కితే మీ ప్రశ్నకు జవాబు దొరికిందా అని అడుగుతుంది. లేదని నొక్కితే, ధన్యవాదాలు అంటుంది.

అప్పుడు వరసంతా తిరిగాను. గొడుగుల అన్న, గాజుల ఆయన, చాయ్ భాయ్, అందరి ఫోన్లూ తీసుకుని గడప మీద నిలబడి, తెరిచే ఉంది, తెరిచే ఉంది అని ఒక్కొక్కరితో రాయించాను. మ్యాపు తప్పు చూపిస్తోందని మాత్రమే వాళ్లకు చెప్పాను. ఎవరు చేసిన తప్పో చెప్పలేదు. ఎత్తిన షట్టర్ కింద కాకా ఆకురాయి పట్టుకుని కూర్చున్న ఫోటో తీశాను. ఆయన తిత్తి ఊపుతూ ఒక చరణం వాయిస్తే వీడియో తీసి పెట్టాను. "గిదంత ఎందుకు బిడ్డా, పోయేటోనికి" అన్నాడు కానీ, వీడియో అనగానే టోపీ సరిచేసుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున బండి మీద వస్తుంటే జేబులో ఫోన్ వణికింది. బండి పక్కకు ఆపి చూశాను. ఎర్ర అక్షరాలు లేవు. ఆకుపచ్చగా, తెరిచి ఉంది అని ఉంది. రోడ్డు మీదే గట్టిగా నవ్వాను. పక్కన ఆగిన ఆటో ఆయన, లాటరీ తగిలిందా అని అడిగాడు.

రెండు రోజులకే ఫలక్‌నుమా వైపు నుంచి ఒక భజన మండలివాళ్లు మూడు హార్మోనియాలు ఆటోలో వేసుకుని దిగారు. వెనకాలే వీడియో చూశామంటూ ఇద్దరు ఖవ్వాలీవాళ్లు వచ్చారు. కాకా మీటల ఫోను మోగుతూనే ఉంది. ఎక్కడున్నారు, ఎప్పుడు తీస్తారు అని అడుగుతుంటే ఆయన లేచి నిలబడి జవాబు చెప్పేవాడు. గల్లీలో మూడు హార్మోనియాలు ఒకేసారి శ్రుతి పట్టుకుంటుంటే బేరాలు ఆగిపోయి అందరూ అటే చూశారు. చాబీల మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. సాయంత్రం జిలేబీ తెప్పించి, వరసంతా చూస్తుండగా మొదటి ముక్క నా నోట్లో పెట్టాడు. ఈ బిడ్డ లేకపోతే నేను ఇంటికి పోయేవాణ్ణని అందరికీ చెప్పాడు. నేను ఆ ముక్క తిన్నాను. చెప్పాల్సింది అప్పుడే. రెండేళ్లు చెప్పలేదు.

పోయిన వారం ఒక స్కూలువాళ్లు పాత హార్మోనియం తెచ్చి, అసలు రీడ్లే కావాలన్నారు. కాకా అలవాటుగా పై అరలోకి చేయి పెట్టి, అక్కడ డబ్బా లేదని గుర్తొచ్చి ఖాళీ చేయి కిందికి దించాడు. నేను అక్కడే ఉన్నాను. వాళ్లు వెళ్లాక చెప్పేశాను.

"కాకా, నీ దుకాణం బందైందని ఫోన్‌ల రాసింది నేనే."

"ఆ రాత తీసేసింది నువ్వు గద?"

"తీసేసింది నేనే. ముందుగాల రాసింది గూడ నేనే."

ఆయన తిత్తి మీద చేయి ఆపాడు. లోపల మిగిలిన గాలితో ఒక స్వరం సన్నగా సాగి ఆగింది.

"ఆపరేషన్‌కు పోతున్న అని నీకు చెప్పిపోయిన గద."

"చెప్పినవ్. నేను వినలే."

"రీడ్ల డబ్బా ఇచ్చేస్తి గదరా," అన్నాడు. ఎప్పుడూ నన్ను రా అని పిలవలేదాయన.

వెళ్లి అడిగి తెస్తానన్నాను. వద్దన్నాడు. ఆ కారీగర్ వాటిని ఎప్పుడో నాలుగు హార్మోనియాల్లో వేసి అమ్మేశాడట. "ఎవరి ఇంట్లనో మోగుతున్నయ్. మోగనియ్" అన్నాడు. చాలాసేపు ఒక మెట్టును నొక్కి వదులుతూ కూర్చున్నాడు. వెళ్లమంటాడేమో అనుకున్నాను.

"నాకొక్కనికి చెప్తె ఏమొస్తది? నేను లేనని ఊరంతకు చెప్పినవ్. గిది గూడ ఊరంతకు చెప్పు" అన్నాడు చివరికి.

ఆ మధ్యాహ్నమే గొడుగుల అన్నతో మొదలుపెట్టాను. ఆయన మొత్తం విని, నన్ను ఎగాదిగా చూసి, "మరి నా దుకాణం మీద ఏం రాసినవో సూపియ్యి" అన్నాడు. ఏమీ రాయలేదంటే నమ్మలేదు. ఫోన్ తీశాడు. ఆ మాట చాయ్ భాయ్ దాకా పోయింది, గాజుల ఆయన దాకా పోయింది. కాసేపట్లో వరసలో ఉన్నవాళ్లంతా తమ దుకాణం తెరిచే ఉందో లేదో చూసుకోవడానికి ఫోన్లు పట్టుకుని నా గడప దగ్గర సిగ్నల్ కోసం తోసుకుంటున్నారు. కాకా కూడా వచ్చి వాళ్ల వెనక నిలబడ్డాడు. "నాది గూడ ఒకసారి చూడు" అని గొడుగుల అన్నకు చెప్పాడు, నాకు కాదు.