చెరెపొవెట్స్‌లో ఇడ్లీ పిండికి చలేసింది

మా చిన్నప్పుడు... అంటే ఎనభైల్లో... మేమున్నది రష్యాలో ఉత్తరాన చెరెపొవెట్స్ అనే ఉక్కు ఊళ్ళో. నాన్న స్టీల్ ప్లాంట్ ఇంజినీరు. పని నేర్చుకోవడానికి వెళ్తూ విశాఖ నుంచి మమ్మల్నీ వెంటబెట్టుకెళ్ళారు.

ఎటు చూసినా క్రేన్లే! ఎండాకాలం సెలవులకి ముందు పునాది, సెలవులయ్యేసరికి అంతస్తుల మీద అంతస్తులు. మా బిల్డింగూ కొత్తదే. ముందు రోడ్డింకా పడలేదు, బురదలో పరిచిన చెక్కల మీద నడిచేవాళ్ళం. నాకది సర్కస్సే.

తమ్ముడి మొదటి పుట్టినరోజుకి ఇడ్లీలు పెడతానని అమ్మ మా అంతస్తులో అందర్నీ పిలిచేసింది. విశాఖ నుంచి తెచ్చుకున్న మినప్పప్పు ఆ ఒక్కసారికే మిగిలింది. రోలెక్కడిది... కీమా కొట్టే చేతి మిషన్లో వేసి తిప్పింది పాపం.

అప్పటికే చలి మొదలైంది. ఆ ఊళ్ళో ఇళ్ళకి వేడి ఒకేచోట నుంచి గొట్టాల్లో వస్తుంది, ఊరంతటికీ ఒకేరోజు వదులుతారు. ఆ రోజింకా రాలేదు. పొద్దున్న రుబ్బిన పిండి సాయంత్రానికీ కదల్లేదు. తెల్లారితే పుట్టినరోజు. అమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

అంతలో ఎదురింటి వాల్యా ఆంటీ వచ్చింది. తపేలా మూత తీసి చూసి, రష్యన్‌లో ఏదో అంది.

"ఏటంటందే ఆవిడ?" అంది అమ్మ. స్కూల్లో రష్యన్ నేర్చుకున్న నేనే మా ఇంటి దుబాసీని.

"పిండికి చలేస్తోందంటమ్మా... కప్పి పడుకోబెట్టాలంట."

ఆంటీ తనింటి నుంచి ఈకల దిండు, దుప్పటి తెచ్చింది. వేడినీళ్ళ సీసా పక్కన పెట్టి, తపేలాని పసిపిల్లకి చుట్టినట్టు చుట్టి మంచమ్మీద పెట్టింది. రొట్టెల పిండికి వాళ్ళలాగే చేస్తారట.

తెల్లారేసరికి పిండి పొంగి దిండుకి అభిషేకం! అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది, ఆంటీ పడీ పడీ నవ్వింది. ఇడ్లీలు మాత్రం దూదిపింజలే. ఆంటీ చట్నీ పక్కకి నెట్టేసి, పుల్లటి మీగడా పంచదారా వేసుకుని తింటుంటే "అయ్యో రాత!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. కాసేపటికి వంటింట్లోకి వెళ్ళి తనూ అలాగే తిని పకపకా నవ్వేసింది లెండి. అమ్మ అంత హాయిగా నవ్వడం ఆ ఊళ్ళో అదే మొదలు...

ఇప్పుడు అమెరికాలో, మా ప్లేనోలో బటన్ నొక్కితే పిండి పులుస్తుంది. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. సుఖమే, కాదనను... కానీ ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా పక్కింటావిడ కారు రంగు తప్ప పేరు తెలీదు నాకు.

మీ అమ్మని అలా గట్టెక్కించిన పొరుగింటి ఆంటీ ఎవరో కామెంట్‌లో చెప్పండి... ఈలోగా నేను నాలుగిడ్లీలు పట్టుకెళ్ళి పక్కింటి బెల్ కొట్టొస్తాను.