కాలిన కొండ మీద పుట్టగొడుగులు

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం మా ఊరి వెనకున్న కొండ రెండు రోజులు కాలింది. అహోబిలం పోయే దారిలో ఉంటుంది మా ఊరు. ఆ రెండు రోజులూ మేం తినే సంగటిలో కూడా పొగ వాసనే...

నిప్పు ఎలా అంటుకుందో నాకు తెలుసు. మా చిన్నాయన కట్టెలకు పోతూ నన్ను వెంటబెట్టుకుపోయాడు. ఆరని బీడీ ముక్కను ఎండుగడ్డిలో పారేశాడు. మంట లేచాక ఇద్దరం పరిగెత్తుకొచ్చేశాం. "ఇంట్లో చెప్పినావంటే చూడు పాపా" అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నోరు మెదపలేదు.

ఊళ్లో మాత్రం అందరూ ఓబులమ్మనే అన్నారు. ఆమె ఒంటరి మనిషి, కొండ మీద మేకలు మేపుకునేది. లేతగడ్డి మొలవాలని ఆమే అంటించిందన్నారు. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు... మా నాయనమ్మ, జేజి కూడా.

తొలకరిలో రెండు మంచి వానలు పడ్డాక, జేజి నన్ను తీసుకుని పుట్టగొడుగులకు కొండెక్కింది. ఒక కాలిన మొద్దు కింద తెల్లగా, గుంపుగా లేచినవి నాకు కనిపించాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో! గబగబా కోసి గంప నింపాను. జేజికి చూపు సరిగా ఆనదు. ఇవి మంచివేనన్న నా మాటే నమ్మింది.

దిగి వస్తుంటే ఓబులమ్మ ఎదురైంది. జేజి మొహం తిప్పుకుంది. ఓబులమ్మ గంపలోంచి ఒకటి తీసి వాసన చూసింది. అంతే, గంప లాక్కుని మొత్తం నేల మీద బోర్లించేసింది.

"ఏమ్మే, నీకేమన్నా పిచ్చా?" జేజి అరిచింది.

"తిట్టుకో అక్కా. ఇవి తింటే నువ్వూ పిల్లా ఇద్దరూ పోతారు. రాండి, మంచివి యాడుండాయో నేను చూపిస్తా."

గడ్డీ పొదలూ కాలిపోవడంతో చెదపుట్టలన్నీ బోడిగా బయటపడి ఉన్నాయి. వాటి పక్కన మట్టిని చీల్చుకుని లేచాయి అసలైనవి... ఓబులమ్మే వంగి, ఒక్కొక్కటీ విరగకుండా పెకలించి గంపలో పెట్టింది.

పొద్దుగూకే వేళకు జేజి మట్టి దాకలో ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, కారం వేసి కూర చేసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు ఏడుపొచ్చేసింది. అంతా చెప్పేశాను. పక్కనే తింటున్న చిన్నాయన తల ఎత్తలేదు.

జేజి తిట్టలేదు. గిన్నెలో కూర, పైన సంగటి ముద్ద పెట్టి అతని చేతికిచ్చింది.

"ఓబులమ్మకు ఇచ్చి రా. దావలో కనపడినోళ్లకంతా, కొండ కాల్చింది నేనేనని చెప్పుకుంటా పో."

చెప్పుకుంటూనే పోయాడు. నేను వెనకే నడిచాను. ఓబులమ్మ గిన్నె అందుకుని, అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "ఇన్నాళ్లూ శానా ఏడ్సినా అబ్బయ్యా..." అంది. గిన్నె ఇద్దరి మధ్యా పెట్టి, "కూచ్చో. నువ్వూ తిను" అంది.

ఇప్పుడు ఓబులమ్మ లేదు... వానలకు పుట్టగొడుగులు ఇప్పటికీ లేస్తాయట. కోయడానికి ఎవరూ పోరు. మంచిదేదో, చెడ్డదేదో వాసన చూసి చెప్పగలిగే మనిషి మా ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు. నేనన్నా ఆమె వెంట తిరిగి నేర్చుకోవాల్సింది...

మీ ఊళ్లో అలాంటివాళ్లు ఎవరైనా ఉండేవాళ్లా? ఉంటే వాళ్ల గురించి రాయండి. ఇంకా ఉన్నారంటే మాత్రం... ఈ తొలకరికి వాళ్లతో కలిసి ఒక్కసారి కొండెక్కండి.