చేతికి అందకుండా ఇచ్చిన బంతి

దేవునికి స్తోత్రం. అంతరంగాలు ఎరిగినవాడు, ఇంతకాలం నన్ను ఓర్చుకున్నవాడు, ఆయన నామానికే మహిమ.

చర్చిలో నా ప్రతి సాక్ష్యమూ ఇలాగే మొదలయ్యేది. ఇక మీదట రాసేది మాత్రం ఏ సాక్ష్యంలోనూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి నేను ప్రార్థనకు కూర్చుంటే అది కూడా నా పక్కనే కూర్చునేది. నా పేరు రాయను. మా సంఘంవాళ్ళు చదివితే పోల్చుకుంటారు. పోల్చుకోనీ.

నేను బాస్కెట్‌బాల్ ఆడి బతికినవాణ్ణి. పాయింట్ గార్డ్‌ని. బంతిని ముందుకు తెచ్చి, ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చేది ఆ ఆటగాడే. ఏలీయా, నేను అండమాన్‌లోని ప్రోతరాపూర్‌లో కలిసి పెరిగాం. ఒకే సండే స్కూలు, ఒకే జట్టు. వాడు పొడగరి. బాస్కెట్ కింద వాడి చేతికి బంతి అందిస్తే చాలు, మిగతాది వాడే చూసుకునేవాడు.

మెయిన్‌ల్యాండ్ నుంచి ఒక క్లబ్బువాళ్ళు పోర్ట్ బ్లెయిర్ వచ్చి, మా ఆట చూసి ఒక్కరినే తీసుకుంటామన్నారు. ఆ ఒక్కడూ ఏలీయా అని అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

ఆ రోజు వాడికి బంతి ఇవ్వకుండా ఉండలేదు. అలా చేస్తే దొరికిపోతాను. ప్రతిసారీ ఇచ్చాను. వాడు నావైపు తిరగకముందే ఇచ్చాను, లేదా మోకాలి దగ్గరికి, కాస్త వెనక్కి ఇచ్చాను. చూసేవాళ్ళకు నా పాస్ కనబడదు. వాడి చేతుల్లోంచి జారిన బంతే కనబడుతుంది. పొరబాటున జరిగిందా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను, పొరబాటని చెప్పుకోవడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ వెతికాను. కాదు. ఆటకు ముందు ఇద్దరం చేతులు పట్టుకుని ప్రార్థన చేశాం కూడా.

తిరుగు బస్సులో వాడే నన్ను ఓదార్చాడు.

"నువ్వు సహీగానే ఇచ్చావురా. నా చేతులే బేకార్. కొబ్బరినూనె రాసుకుని దిగావేంటని ఆ కోచ్ భయ్యా అడిగాడు." నవ్వాడు. "నిన్ను తీసుకుంటార్లే. చర్చిలో ప్రార్థన పెట్టిస్తాను."

పెట్టించాడు. నన్ను తీసుకున్నారు.

జట్లు మారాను, పేరొచ్చింది. అడగకముందే చేతిలో బంతి పెడతాడని తోటివాళ్ళు మెచ్చుకునేవారు. సెలవులకు వచ్చినప్పుడల్లా సంఘం ముందు నిలబడి, దేవుడే నన్ను ఎన్నుకున్నాడని సాక్ష్యం చెప్పేవాణ్ణి. వెనక వరుసలోంచి ఏలీయా అందరికన్నా గట్టిగా ఆమేన్ అనేవాడు. నేను దొంగిలించినదానికి దేవుని పేరు పెట్టాను. ఏది పెద్ద పాపం? ఆ పాసులా, ఈ సాక్ష్యాలా?

వాడు మళ్ళీ బంతి ముట్టలేదు.

మోకాలు పాడై తిరిగొచ్చి ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్ మిన్నీ బేలో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఏలీయా కూతురు తనూ నేర్చుకుంటానంది. తండ్రి పొడవే వచ్చింది. వాడు వద్దన్నాడట. మనింటి చేతులకి ఆట రాదమ్మా, నవ్వులపాలవుతావు అన్నాడట. ఆ పిల్లే నాకు చెప్పింది, తన అరచేతులు చూసుకుంటూ. తండ్రి చేత నేను నమ్మించిన అబద్ధం బిడ్డ దాకా వచ్చేసింది. ఇంకా నోరు మూసుకుంటే నేను విశ్వాసినేనా?

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, వాడి గుమ్మం దగ్గర నిలబడే అంతా చెప్పాను. వాడు ఒక్కటే అడిగాడు.

"చూసే ఇచ్చావా?"

"చూసే ఇచ్చాను."

తలుపు వేసుకున్నాడు. నేను తట్టలేదు. క్షమాపణ దొరకలేదు, దొరికిందని రాయను. కానీ ఆ సాయంత్రం ప్రార్థనలో, ఎన్నో ఏళ్ళ తర్వాత, దేవుని ముందు నేను దాటేసిన మాట ఒక్కటీ లేదు.

ఇది చదివినవారు నాతో కలిసి ప్రార్థించండి. నా కోసం వద్దు. ప్రభువా, ఏలీయా చేతుల్లో ఏ లోపమూ లేదని వాడు నమ్మేలా చెయ్యి. వాడి బిడ్డను ఆడనివ్వు.