నైట్రోజన్ మత్తు, కొట్టేసిన జవాబు

లోతు నీళ్లలో, పీల్చే గాలిలోని నైట్రోజనే మనిషికి మత్తెక్కిస్తుందని పరీక్షలో రాస్తే మా లెక్చరర్ ఎర్ర సిరాతో కొట్టేశారు. అరవైల చివర, నేను క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న రోజులవి. మా అన్న నేవీలో డైవర్. సెలవు మీద తార్నాకలో మా ఇంటికొచ్చి ఉన్నాడు. పట్టుబట్టి అన్నను డిపార్ట్‌మెంటుకు తీసుకెళ్లాను.

లోతులో తనకూ మత్తెక్కిందని అన్న చెప్పగానే, "తాగి దిగావేమోనయ్యా!" అని నవ్వారు లెక్చరర్. నాకు ఒళ్లు మండింది.

అన్న మాత్రం నెమ్మదిగా చెప్పాడు. "మొదటిసారి నూట యాభై అడుగులు దిగినప్పుడు తాడుకు ముడి వేసిన సార్. గంత మంచి ముడి ఎవ్వడు వెయ్యలేడని మురిసిపోయిన. పక్కనున్న డైవర్ చూస్తే తాడు ఊరికే చుట్టి ఉన్నదట."

"ఇప్పుడు అలవాటైపోయిందా మరి?"

"మత్తు పోదు సార్. కొంచెం కొంచెం లోతు పెంచుకుంట పోతే, గాడ మన తెలివిని నమ్మొద్దని తెలుస్తది. జర మురిపెం అనిపించంగనే పైకి జరుగుత."

"మన పుస్తకంలో లేదు కదా," అంటూ లెక్చరర్ పేపరు నా చేతిలో పెట్టారు. మార్కు వెయ్యలేదు. ప్రాణం పణంగా పెట్టి నేర్చుకున్న మనిషిని తాగుబోతన్నందుకు పొరపాటైందని ఒక్క మాట కూడా అనలేదు. నమస్కారం పెట్టకుండానే బయటికొచ్చేశాను. తార్నాక దాకా అన్నే నన్ను సముదాయించాడు. ఆ కోపం నాకు ఇవాళ్టికీ చల్లారలేదు.