కానుకగా ఇచ్చిన కుక్క

రెండేళ్ల కిందటి వేసవి. పెద్దకడుబూరు అవతల ఒక ఊళ్లో గాలివానకు చర్చి పైరేకులు ఎగిరిపోయాయి. సంఘంలో అందరూ కూలికి పోయేవాళ్లే. ఆ ఊరి పెద్ద రైతు ఒకాయన, తాను హిందువైనా, ముందుకొచ్చి పత్తికట్టె పీకేసిన తన చేలో కుక్కల పందెం పెట్టించాడు. కుక్కలను దింపేవాళ్లు కట్టే రుసుము, చివర్లో కానుకల వేలం, అంతా రేకులకే.

జంతువులను హింసిస్తున్నారని పోలీసులకు ఎవరో ఫోన్ చేశారట. నేను ఆదోని నుంచి వెళ్లింది ఆ గొడవ పేపరుకు రాయడానికే. అప్పటికే ఒక కానిస్టేబుల్ వచ్చి రైతును నిలదీస్తున్నాడు.

"కుందేలును తరిమిస్తాన్నారంట గదప్పా?"

"కుందేలు యాడిది సార్? పాత తోలు, లోపల గడ్డి కూరినాం. నువ్వే పట్టుకోని సూడు."

కానిస్టేబుల్ తోలు మూటను అటూ ఇటూ తిప్పి చూశాడు, మిరపకాయ బజ్జీలు తిన్నాడు, వెళ్లిపోయాడు. కుక్కల సంగతి ఆయన అడగలేదు.

ఆ మూటకు పొడవాటి తాడు కట్టి, రెండో కొసను చేను చివర స్టాండు వేసిన మోటారు సైకిల్ వెనక చక్రానికి చుట్టారు. బండి రేజ్ చేస్తే మూట నేల మీద దూసుకుపోతుంది, వెనకాల కుక్కలు. గుంటక తోలి చదును చేశామన్నారు గానీ నల్లరేగడి గడ్డలు ఎండకు ఇటుకల్లా బిగుసుకుని ఉన్నాయి.

ఫైనల్‌కు రెండు కుక్కలు మిగిలాయి. ఒకటి ఆదోని పత్తి వ్యాపారి కారులో తెచ్చింది. రెండోది ఈ చర్చి సంఘంలోనే కూలికి పోయే ఒకామెది. సంగటి పెట్టి పిల్లప్పటి నుంచి సాకింది. ట్రాక్టర్ ట్రాలీ నీడలో ఆమె దాని ముందుకాళ్ల మీద నీళ్లు పోస్తోంది. అరికాళ్లు పగిలాయి. నీళ్లు ఎర్రగా కారుతున్నాయి. కుక్క నాలుక వేలాడేసింది, నీళ్లు ముట్టడం లేదు.

పాస్టర్ వచ్చాడు. వయసులో చిన్నవాడు. ఆమె తలెత్తకుండానే చెప్పింది: "ఇంగ నేను ఉరికియ్యను అయ్యగారూ."

"అక్కా, ఇదే ఆఖరుది. జనం దీనికోసరమే నిలబడినారు. మన చర్చికే గదా."

"చర్చికి నేనూ రాళ్లు మోసినా. దీనికేం తెలుసు చర్చి?"

రైతుకు కోపం వచ్చింది. "ఏమ్మే, మా చేను ఇచ్చి ఎండలో మేం సస్తాంటే, మీ గుడికి నువ్వే అడ్డం పడ్తావా?"

"కుక్కకు ఆటో పిలవండప్పా!" అని గుంపులోంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు. చాలామంది చేతుల్లో ఫోన్లు పైకి లేచాయి.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. కోత పండగకు కోడో, గుమ్మడికాయో, శెనక్కాయల మూటో తెచ్చి బల్ల ముందు పెట్టి ప్రార్థన చేయిస్తే, ఇక అది దేవునిది. వేలం అయ్యేదాకా దాన్ని ఎవరూ వాడుకోకూడదు. వేలంలో మొదటి పాట కానుక ఇచ్చినవాళ్లే పాడతారు. మిగతావాళ్లు మర్యాదగా ఊరుకుంటారు. వస్తువు మళ్లీ ఆ ఇంటికే చేరుతుంది.

ఆమె కుక్కను ఎత్తుకుని వెళ్లి, వేలం కోసం చేను గట్టున వేసిన కానుకల బల్ల ముందు పడుకోబెట్టింది.

"ఇది కానుక. దేవుని కుక్కను ఉరికిస్తారో ఏమో మీరే సెప్పండి."

సంఘం ఆడవాళ్లు మెల్లగా ఆమెన్ అన్నారు. పాస్టర్ రైతు వైపు చూశాడు, కుక్క వైపు చూశాడు, చివరికి దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. పందెం ఆగిపోయింది. వేలం మొదలైంది.

ఆమె మొదటి పాట పాడింది, చర్చిలో పాడినట్టే, తన చేతనైనంత. కానీ ఇది చర్చి కాదు. వెనక నుంచి ఆదోని వ్యాపారి రెట్టింపు పాడాడు. ఆయనకు ఆ మర్యాద తెలియదు. ఆమె తిరిగి చూసింది. పక్కనున్న ఆడవాళ్లు చెవిలో ఏదో చెబితే ఇంకాస్త పెంచింది. ఆయన మళ్లీ పెంచాడు. అంతకు మించి ఆమె దగ్గర లేదు.

"ఒకటోసారి," అన్నాడు పాస్టర్. ఆమె వైపు చూసి, "రెండోసారి." తర్వాత తల తిప్పి చర్చి వైపు చూశాడు. వెనక పైకప్పు లేని గోడలు కనిపిస్తున్నాయి.

"కానియ్యప్పా," అన్నాడు రైతు.

మూడోసారి అన్న మాట దగ్గరున్నవాళ్లకు మాత్రమే వినిపించింది.

వ్యాపారి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. కుక్క కాలు పట్టుకుని మన్ను తుడిచి చూశాడు. "ఇది మానేకి శానా దినాలు పడ్తాది. నీ దగ్గరే ఉండనీక్కా. మానినంక వచ్చి తీస్కోని పోతా."

"మానినంక మళ్లీ ఉరికిస్తావా అన్నా?"

"ఉరికే కుక్కను ఇంగేం సేస్తారు?" అన్నాడాయన. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

రేకుల కోసం పందెం జరిగిందని మా పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. అరికాళ్ల సంగతికి చోటు చాల్లేదు.

చాలా నెలల తర్వాత ఒకసారి ఉరుకుంద నుంచి వస్తూ ఆ ఊళ్లో దిగాను. చర్చి మీద కొత్త రేకులు మెరుస్తున్నాయి. ఆమె ఇంటి ముందు కుక్క పడుకుని ఉంది. రెండు ముందుకాళ్లకూ గుడ్డ కట్టి ఉంది.

"ఇంకా మానలేదా?" అన్నాను.

"లేదు సార్. యాడ మానుతాది?" అంది రోడ్డు వైపు చూస్తూ.

అంతలో మేకపిల్ల ఒకటి ఎదురుగా గెంతింది. కుక్క ఆ గుడ్డలతోనే లేచి, ఒక్క ఊపున వాకిలి గోడ దూకి దాని వెంటపడింది. రోడ్డు మీద కారు ఏదో నెమ్మదించిన చప్పుడైంది. ఆమె పరుగున వెళ్లి కుక్కను ఎత్తుకొచ్చి, కారు దాటిపోయేదాకా లోపలే కూర్చుంది. బయటికి వచ్చాక వదులైన ముడిని విప్పి మళ్లీ గట్టిగా కట్టింది.