బాబాయిగారి అభిప్రాయాలు, నా ఫోన్ కాల్

కోడంబాక్కంలో మేడమీద గదిలో అద్దెకున్న రోజుల్లో నాకు సొంత ఫోను లేదు. సినిమాలకు డబ్బింగ్ చెప్పి బతికే మాలాంటి వాళ్ళలో చాలామందికి ఉండేది కాదు. ఇంటివాళ్ళ నంబరే రాసి, పక్కన, పిలిచిపెట్టమనే గుర్తుగా, పీపీ అని పెట్టి ఇచ్చేవాళ్ళం. ఫోనొస్తే కింద నుంచి ఇంటావిడ "పాపా, ఫోన్!" అని కేకేసేది. తల సగం దువ్వుకుని, చెప్పులైనా లేకుండా మెట్లు దిగి పరిగెత్తేదాన్ని. ఆ కేక కోసం ఎంతగా చెవులు రిక్కించుకుని ఉండేదాన్నంటే, పక్కింటివాళ్ళు వాళ్ళ పిల్లల్ని పిలిచినా నేను గుమ్మంలోకి వచ్చేసేదాన్ని.

అప్పటికే తెలుగు సినిమా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోయింది. మద్రాసులో మాకు మిగిలినవి తమిళ సినిమాల తెలుగు డబ్బింగులు. వాటిలోనూ నాకు దక్కేది హీరోయిన్ స్నేహితురాలో, నర్సో. దీనికోసమా తెనాలి నుంచి ఇంత దూరం వచ్చింది అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అలాంటప్పుడు ఒక పెద్ద సినిమాలో హీరోయిన్‌కి గొంతు కావాలని నన్ను పిలిచి పరీక్ష పెట్టారు. చెప్పాను. అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజనీరు తలూపాడు. మేనేజరు బయటిదాకా వచ్చి, "ఈ వారంలో ఫోన్ చేస్తానమ్మా, ఇంటి దగ్గరే ఉండు" అన్నాడు. మనంతట మనం ఫోన్ చేసి అడగడం మా వృత్తిలో లేదు. అడిగితే చేతిలో పని లేదని తెలిసిపోతుంది, లోకువైపోతాం. కాచుకుని కూర్చోవాలి, అంతే.

ఇంటాయనను బాబాయిగారూ అనేదాన్ని. అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. తాతముత్తాతలంతా చింతాద్రిపేట వాళ్ళే, ఆంధ్రా మొహం చూసింది తిరుపతి వెళ్ళినప్పుడే. ఫ్యాక్టరీలో ఆయన మాటకు ఎదురుండేది కాదట. ఇంట్లో వినే నాథుడు లేడు. ఆ లోటు వాళ్ళబ్బాయి తీర్చాడు. తన ఆఫీసులో తీసేసిన కంప్యూటరు తెచ్చి హాల్లో పెట్టి, ఫోను తీగకు కలిపి, ఇంటర్నెట్ అన్నాడు. "ఇది మాట్లాడేటప్పుడు మాత్రం రిసీవరు ఎత్తకండి" అని హెచ్చరించి తన కాపురానికి తను పోయాడు.

ఆ పెట్టె గీపెట్టి, బుసలుకొట్టి, చివరికి ఒక పేజీ తెరిచేది. ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటూ కొట్టుకునే చోటది. ఏ ఫ్రిజ్ మంచిది అని ఒకరు అడిగితే పదిమంది దిగేవారు. ఎవరికీ ఎవరి మొహమూ తెలియదు, అందువల్ల ఎవరికీ మొహమాటం లేదు. బాబాయిగారికి ప్రాణం లేచొచ్చింది. కాకపోతే ఆయన ఒక్కో అక్షరం వెతికి కొట్టేసరికి తగువు ఇంకో చోటికి పోయేది. నేను టైపు లోయర్ పాసైనదాన్ని. పైగా ఫోను కోసం ఎలాగూ కాలుగాలిన పిల్లిలా మెట్లెక్కి దిగుతున్నాను.

"ఊరికే తిరగతా ఉండేదానికి ఈడ కూర్చో పాపా. ఫోను నీ పక్కనే ఉండాది. మోగితే ఎత్తుకో. ఆలోపల నేను చెప్పేది కొట్టు" అన్నారు. నాకూ అది బాగానే తోచింది.

అలా ఆ వారమంతా, ఫోను మోచేతికి తగిలేంత దగ్గర కూర్చుని, ఆయన అభిప్రాయాలు టైపు చేశాను.

"కొట్టు. సెల్ ఫోనంట, సెల్ ఫోను. రోడ్డు మీద నడస్తా మాట్లాడాల్సిన అవసరం ఎవరికి ఉండాది? నాలుగు దినాలు ఆడుకుంటారు, అప్పురం పారేస్తారు." పేజరు ఆయన దృష్టిలో ఆవు మెడలో గంట. మిక్సీలో రుబ్బిన పిండితో ఇడ్లీ వేసేవాళ్ళని జైల్లో పెట్టాలి. ఢిల్లీలో ప్రభుత్వం గురించి అడిగితే, "బాడిగింటి కాపరం మాదిరి ఉండాది, ఎప్పుడు ఖాళీ చేస్తారో వాళ్ళకే తెలీదు" అని కొట్టమన్నారు. బాడిగింటి మనిషిని నేనే కదా, నవ్వుకుంటూ కొట్టాను. మిక్సీ పిండిని వెనకేసుకొచ్చిన దుబాయ్ మనిషితో మూడు పూటలు పోట్లాడాం. నిజం చెప్పొద్దూ, నాకూ రక్తం మరిగింది. వాడు రాసిన దానికి నా సొంతంగా రెండు చీవాట్లు కలిపి మరీ కొట్టాను. మధ్యమధ్య ఫోనువైపు చూసేదాన్ని. అది నోరు విప్పేది కాదు.

శనివారం వచ్చేసరికి నాకు అన్నం సయించలేదు. స్నేహితురాలిని చూడ్డానికి వచ్చినట్టు నటిస్తూ డబ్బింగ్ థియేటరుకు వెళ్ళాను. మేనేజరు టీ గ్లాసుతో ఎదురయ్యాడు.

"ఎక్కడికి పోయావమ్మా? ఎన్నిసార్లు చేసినా ఎంగేజే! రిసీవరు పక్కన పెట్టుకుని పడుకున్నారా మీ ఇంటివాళ్ళు? డైరెక్టరు ఆగలేదు. ఇంకో అమ్మాయిని పెట్టేశాం."

ఎంగేజ్ అనగానే ఆ పెట్టె గీపెట్టడం చెవుల్లో వినిపించింది. ఒకే తీగ. అది మాట్లాడుతుంటే ఫోను మోగదు. ఇంత చిన్న విషయం నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. రిసీవరు ఎత్తకూడదన్నారని ఎత్తలేదు, మోగితే మాత్రం మోగుతుందనుకున్నాం.

ఇంటికొచ్చి వాకిట్లో నిలబడే అరిచాను. బాబాయిగారు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నారు. "కాల్ వస్తే ఇది ఆగిపోయి అది మోగుతాదని కదా నేను అనుకునింది" అన్నారు. "మీరు బుద్ధి చెప్పకపోతే ఊరు చెడిపోతాదా? ఆ పిల్ల నోటికాడి కూడు పోగొడితిరే!" అని ఇంటావిడ నాకంటే గట్టిగా అరిచింది.

మర్నాడు పొద్దున్నే ఆయనే మెట్ల కిందికొచ్చి పిలిచారు. కంప్యూటరు వెలుగుతోంది. "నీ సంగతి రాసినాను పాపా, నేనే కొట్టినాను. చూడు, ఎంతమంది జవాబు ఇచ్చుండారో" అన్నారు. ఒక్కో అక్షరం వెతికి అంత పొడుగు కొట్టాలంటే ముందు రోజు సాయంత్రమంతా పట్టి ఉంటుంది.

చదివాను. రెండో లైనుకు అప్లై చేయండి అని ఒకరు. ఆ అమ్మాయికి పేజరు కొనిపెట్టండి అని ఒకరు. టెలిఫోన్లు ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం ఇంతే అని ఒకరు. అద్దెకున్నవాళ్ళకు ఫోను అలవాటు చెయ్యడమే తప్పని ఇంకొకరు. ఒక్క వేషం పోతే లోకం మునిగిపోతుందా అని దుబాయ్ మనిషి. ఆఖరున ఎవరో, మీది ఏ కంపెనీ మోడెమ్, స్పీడ్ బాగుంటుందా అని అడిగాడు.

ఒళ్ళు మండిపోయింది. వారం రోజులుగా నేనూ ఇలాగే, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలియకుండానే కొట్టానని గుర్తొచ్చి ఇంకా మండింది. కంప్యూటరు తీగ పీకేశాను. మా వృత్తిలో చేయకూడని పని చేశాను. మేనేజరుకు నేనే ఫోన్ చేశాను.

"హీరోయిన్ అయిపోయిందమ్మా" అన్నాడు. "ఎల్లుండి గుంపు గొంతులున్నాయి, వస్తావా?" అన్నాడు. వస్తానన్నాను. బాబాయిగారు కుర్చీలోనే ఉండి, గోడవైపు చూస్తున్నారు.

అదే సినిమా. హీరోయిన్ ఇల్లు వదిలి వీధిలో నడిచి వెళ్తుంటే అరుగుల మీద ఆడవాళ్ళు తలా ఒక మాట అంటారు. గుంపుకు మాటలు రాసి ఇవ్వరు. "ఆ పిల్ల గురించి మీకు ఏం తోస్తే అది అనండమ్మా" అన్నాడు ఇంజనీరు. ఒకే మైకు చుట్టూ నిలబడి అన్నాం. సిగ్గులేదు, పొగరు, తల్లి పెంపకం అలాంటిది. నా నోటికి అడ్డే లేకుండా పోయింది. అప్పుడు తెర మీది పిల్ల వెనక్కి తిరిగి మాకు జవాబు చెప్పింది. ఆ భాగం ముందే రికార్డయింది. పరీక్షలో నేను చెప్పిన మాటలే అవి. నేను అరిచి చెప్పిన చోట, నాకు బదులు పెట్టిన అమ్మాయి గొంతు తగ్గించింది. చివరి మాట దాదాపు ఊపిరితో చెప్పింది. వింటూ ఉండిపోయి, తర్వాత నేను అనాల్సిన మాట తప్పాను.

టేకు ఆగింది. మేనేజరు పక్కకొచ్చి, నా మొహంలోకి చూడకుండా అడిగాడు. "ఎలా చెప్పింది?"

"బాగా చెప్పింది" అన్నాను.

ఫోను మోగి ఉంటే ఆ వేషం నాదే. కానీ నేను అలా చెప్పి ఉండేదాన్ని కాదు. అప్పటిదాకా తిట్టుకోవడానికి నాకు బాబాయిగారైనా ఉన్నారు. ఇంజనీరు ఇంకో టేకు అన్నాడు. అందరితో పాటు మైకు దగ్గరికి జరిగి, ఆ పిల్లకి సిగ్గులేదని మళ్ళీ అన్నాను.